అల్మారాలో ఉండిపోయిన సర్క్యులర్

నా సర్వీసు మొత్తంలో నాకు ఒక్క మెమో కూడా రాలేదు. వీడ్కోలు సభలో శాలువా కప్పి ఈ మాటే మైకులో చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించి నవ్వాను. ఆ రికార్డు నాకెలా దక్కిందో తెలిసినవాళ్లు ఆ హాల్లో ఎవరూ లేరు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోర్ట్ బ్లెయర్ షాదీపూర్‌లో మా వీధిలోనే ఈ మధ్య ఇద్దరు కౌన్సిలర్లు బోర్డులు పెట్టారు. పిల్లలకు ఏ కాలేజీ మంచిదో చెప్పడం, దరఖాస్తులు నింపించడం, కాగితాలు సిద్ధం చేయించడం వాళ్ల పని. పాత టీచర్ని కదా అని తల్లిదండ్రులు నా దగ్గరకు వస్తారు. "మేడమ్, స్కూలువాళ్లను నమ్ముకోమంటారా, బయట మనిషిని పెట్టుకోమంటారా?" అని అడుగుతారు. ఏదో ఒకటి చెప్పి పంపించేస్తాను. వాళ్లు గేటు దాటాక చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాదు. అందుకని, ఇప్పుడు బడుల్లో కొత్తగా చేరుతున్న మీలాంటివాళ్ల కోసం ఈ ఒక్క సంగతి రాసిపెడుతున్నాను. ఇందులో ఎవరి పేరూ చెప్పను. చిన్న ఊరు మనది, పేర్లు చెప్పకపోయినా కొందరు పోల్చుకుంటారు. పోల్చుకోనివ్వండి.

నేను పుట్టింది ఇక్కడే. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి హార్బరు పనికి వచ్చి స్థిరపడిన మనిషి. నేను బయాలజీ టీచరుగా పోర్ట్ బ్లెయర్‌లోని ఒక ప్రభుత్వ పాఠశాలలో చేరాను. చేరిన మూడో ఏడాది నుంచి ఫారాల పని కూడా నా నెత్తిన పడింది. అప్పట్లో మన పిల్లలు పై చదువులకు మెయిన్‌లాండ్ వెళ్లాలంటే రెండు దారులుండేవి. దీవుల్లో పుట్టి పెరిగిన పిల్లల కోసం మెయిన్‌లాండ్ కాలేజీల్లో కొన్ని సీట్లు విడిగా ఉంచేవారు. అదే దీవుల కోటా. వైద్యానికి ఇన్ని, ఇంజినీరింగుకి ఇన్ని, పశువైద్యానికి ఒకటీ అరా. ఇది కాక, అమ్మానాన్నల సొంత రాష్ట్రంలో బంధువుల ద్వారా నేరుగా దరఖాస్తు పెట్టుకోవడం రెండో దారి. మొదటి దారికి స్కూలు ముద్ర కావాలి. 'వెరిఫైడ్' అని ఉండే ఆ ముద్ర నా సొరుగులో ఉండేది. దాన్ని నేను ఇంటికి కూడా తీసుకుపోయేదాన్ని. ఎవరికీ ఇచ్చేదాన్ని కాదు.

ఆ పనికి అదనంగా ఏమీ ఇచ్చేవారు కాదు కానీ, దానివల్ల వచ్చే మర్యాద నాకు బాగా రుచించింది. చర్చిలో ఆరాధన అయ్యాక నా చుట్టూ నలుగురు చేరేవారు. బజారులో చేపలమ్మే ఆవిడ కూడా "దీదీ, మా వాడి ఫారం" అని మంచి చేప తీసి పక్కన పెట్టేది. ఆ మర్యాద నాకు హక్కు అనుకోవడం ఎప్పుడు మొదలైందో గుర్తులేదు.

ఆ అమ్మాయి బతు బస్తీ నుంచి వచ్చేది. తండ్రి బోట్ల మీద ఇంజిన్ డ్రైవరు, మా తెలుగు చర్చిలో సంఘ పెద్ద. వాళ్ల నాయనమ్మ మేకలు పెంచేది. అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక మేక ఈనలేక మూడు రోజులు బాధపడి చచ్చిపోయిందట. డాక్టరు అప్పుడు వేరే దీవికి వెళ్లి ఉన్నాడు. ఆ తర్వాత ఆ పిల్ల నా క్లాసులో అడిగే ప్రశ్నలన్నీ ఒక వైపుకే పోయేవి. కప్పను కోస్తున్నప్పుడు కూడా, "మేకకైతే ఇది ఎక్కడుంటుంది మేడమ్?" అని అడిగేది. తెలియకపోతే పుస్తకం చూసి మర్నాడు చెప్పేదాన్ని. నిజానికి నా సర్వీసులో నాకు పని చెప్పిన విద్యార్థి ఆమె ఒక్కతే.

పన్నెండో తరగతి చివరికొచ్చేసరికి పశువైద్యం తప్ప వేరేది చదవనని తేల్చేసింది. తండ్రి నా దగ్గరకు వచ్చాడు.

"దీదీ, ఫారం సంగతి మీరే సూడాల. నాకేటి తెలుస్తాది, బోటు తప్ప."

"టైముంది కదా భయ్యా. రిజల్ట్ రానీ," అన్నాను.

రెండోసారి వచ్చాడు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను, తర్వాత రమ్మన్నాను. మూడోసారి మా ఇంటికే వచ్చి, వరండాలో నిలబడి చెప్పులు విప్పాడు. లోపల చుట్టాలున్నారు. "ఆదివారం చర్చిలో మాట్లాడుకుందాం" అన్నాను. ఆదివారం నేను మహిళా సమాజం మీటింగులో కూర్చున్నాను.

అతను భయపడడానికి వేరే కారణం కూడా ఉంది. అంతకు ముందు ఏడాది వాళ్ల పక్కింటి పిల్లవాడి ఫారం మెయిన్‌లాండ్‌కి గడువు దాటాక చేరింది. ఓడ ఆలస్యమైందని నేను అందరికీ చెప్పాను. ఓడ ఆలస్యమైన మాట నిజమే. కానీ ఆ కవరు అంతకు ముందు వారం రోజులు నా సొరుగులో ఉన్న మాట కూడా నిజమే. రెండోది పక్కింటివాళ్లకు ఎవరూ చెప్పలేదు. అయినా బస్తీలో జనానికి లెక్కలు రావా? ఓడ ఏ రోజు బయల్దేరిందో హార్బరులో పనిచేసేవాళ్లకంటే ఎవరికి తెలుస్తుంది?

సరిగ్గా అప్పుడే ఊళ్లో మిడిల్ పాయింట్‌లో ఒక స్టేషనరీ దుకాణం మేడ మీద కొత్త బోర్డు వెలిసింది. కాలేజీ ప్రవేశాల సలహాదారు అని తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింట్లో రాయించాడు. మనిషి కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాడు, ముప్పై దాటి ఉంటాయి. అక్కడేదో కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేసి మానేశాడట. ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. "నేను ఏ కాలేజీ మనిషినీ కాను, ఏ కాలేజీ దగ్గరా కమీషన్ పుచ్చుకోను. మీరిచ్చే ఫీజు ఒక్కటే నాకు ఆధారం" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

మా స్టాఫ్ రూములో ఈ కబురు ఒక పండగ. మ్యాథ్స్ మాస్టారు మంచి హాస్యగాడు, కేరళ నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్న మనిషి. ఆయన ఆ గదికి 'సీట్ల దుకాణం' అని పేరు పెట్టాడు. అందరం నవ్వుకున్నాం. నేను నవ్వుతో ఆగలేదు. "ఆ కమీషన్ లేదనడం వట్టిమాట, ప్రైవేటు కాలేజీలే పంపించి ఉంటాయి" అని చర్చిలో ఇద్దరు ముగ్గురితో అన్నాను. నా దగ్గర ఏ ఆధారమూ లేదు. అతను నిజంగానే ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

ఆ అమ్మాయి తండ్రి అతణ్ణి పెట్టుకున్నాడని విన్న రోజున నాకు అన్నం సయించలేదు. మా సంఘం మనిషి, నా క్లాసు పిల్ల, నా సబ్జెక్టు. నా ఇంటి గుమ్మం దాకా వచ్చి, నన్ను కాదని ముక్కూ మొహమూ తెలియనివాడి మేడ ఎక్కాడు. ఇదీ నా ఆలోచన. మూడుసార్లు తిప్పి పంపింది నేనేనని ఆలోచించలేదు.

ఒక వానరోజున ఆ సలహాదారు మా స్కూలుకి వచ్చాడు. స్టాఫ్ రూము గుమ్మం బయట గొడుగు ముడిచి, నీళ్లు కారనిచ్చి, లోపలికి అడుగు పెట్టాడు.

"నమస్కారం మేడమ్ గారూ. ఒక చిన్న సందేహం. దీవుల కోటాకి దరఖాస్తు చేసేవాళ్లు ఆంధ్రాలో కూడా పెట్టుకోవచ్చా? ఇంతకు ముందు చాలామంది రెండూ పెట్టారని విన్నాను. ఈ ఏడాది ఏమైనా మార్పు ఉందేమో చూద్దామని విద్యాశాఖ ఆఫీసుకి వెళ్తే, సర్క్యులర్ స్కూళ్లకి పంపించామన్నారు."

మార్పు ఉంది. ఆ ఏడాదే వచ్చింది. వేరే రాష్ట్రంలో నివాస ధ్రువపత్రం తీసుకున్నవాళ్లు దీవుల కోటాకి అనర్హులు అన్న కొత్త షరతు. విద్యార్థులందరికీ ఈ సంగతి తెలియజేయాలి అని కూడా కింద రాసి ఉంది. ఆ సర్క్యులర్ నా వెనకున్న అల్మారాలో, రెండో అరలో ఉంది. లేచి చేయి చాస్తే అందుతుంది.

"ఫీజు పుచ్చుకునేది మీరు, పని చేసిపెట్టేది మేమా?" అన్నాను.

మాస్టారు నవ్వాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. అతని మొహం ఎర్రబడింది కానీ మర్యాద వదల్లేదు.

"కాపీ అక్కర్లేదు మేడమ్. ఒక్కసారి చదువుకుని ఇచ్చేస్తాను."

"నోటీసు బోర్డులో పెడతాం. అప్పుడు చూసుకోండి."

"ఎప్పుడు పెడతారు?"

"పెట్టినప్పుడు కనిపిస్తుంది."

అతను మరో రెండుసార్లు వచ్చాడు. ఒకసారి నేను క్లాసులో ఉన్నానని చెప్పించాను. రెండోసారి అతను ముందు గుమ్మం దగ్గర నిలబడి ఉండగా వెనక తలుపు నుంచి ఇంటికి వెళ్లిపోయాను. నోటీసు పెట్టలేదు. నా దగ్గర ఫారాలు నింపిన పిల్లలందరికీ మాత్రం ఆ షరతు గురించి నోటితో చెప్పాను. ఆ అమ్మాయి ఫారం బయట నింపారు కాబట్టి ఆమెకు చెప్పే సందర్భమే రాలేదు. ఇలా నాకు నేను చెప్పుకున్నాను.

రిజల్ట్ వచ్చింది. అమ్మాయికి మంచి మార్కులు. ఆ వారంలోనే ఫైలు పట్టుకుని ముద్ర కోసం నా టేబుల్ దగ్గరకు వచ్చింది.

ఆ ఫైలు ఎంత పొందిగ్గా ఉందో ఇప్పటికీ చెప్పగలను. ఒక్కో కాగితానికీ నంబరు, పైన పట్టిక, చుట్టూ ట్యాగు. పన్నెండేళ్లలో నేను ఒక్క పిల్ల ఫైలు కూడా అలా తయారు చేయలేదు. అసూయతోనే ఒక్కో కాగితం తిరగేశాను. మార్కుల జాబితా, పుట్టిన తేదీ, లోకల్ సర్టిఫికెట్. దాని వెనక ఒక జిరాక్స్ ఉంది. వాళ్ల తాత ఊరి నుంచి తెప్పించిన నివాస ధ్రువపత్రం. ఊరి రెవెన్యూ ఆఫీసు గుండ్రటి ముద్ర, పక్కనే అమ్మాయి పేరు. ఆంధ్రాలో కూడా దరఖాస్తు పెట్టడానికి తెప్పించినదాన్ని, ఉన్న కాగితాలన్నీ చూపిస్తే మంచిదనుకుని సలహాదారు ఇందులో కూడా ఒక కాపీ చేర్చాడు పాపం.

నా చేయి ఆగింది. అది నాకు బాగా గుర్తు.

గడువుకి ఇంకా పది రోజుల పైన ఉంది. ఆ కాగితం తీసేసి, ఆ సర్టిఫికెట్, ఆంధ్రా దరఖాస్తు రెండూ వెనక్కి తీసుకుంటున్నామని ఒక టెలిగ్రాం కొట్టి, దాని రసీదు జతచేస్తే సరిపోయేది. పదిహేను నిమిషాల పని.

అమ్మాయి నా ఎదురుగా నిలబడి ఉంది. "ఠీక్ ఉందా మేడమ్?" అంది.

"మీ కౌన్సిలర్ చూశాడుగా," అన్నాను.

"ఆయన మీరు కూడా చూడాలన్నారు మేడమ్. మేడమ్‌కి అన్నీ తెలుసు, ఆవిడ చూశాకే ఆఫీసులో ఇవ్వు అన్నారు."

ఆ మాటకైనా నేను కరగవలసింది. కరగలేదు. ఇప్పుడు గుర్తొచ్చానా అనుకున్నాను. పేజీ తిప్పేశాను. చివరి పేజీలో ముద్ర వేసి సంతకం పెట్టాను. ఆమె థాంక్యూ చెప్పి, ఫైలుని వాన తగలకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వెళ్లింది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుతూ మ్యాథ్స్ మాస్టారితో చెప్పాను. "చూశారా సర్, మీ సీట్ల దుకాణం తెలివి. ఊరి సర్టిఫికెట్ తీసుకొచ్చి దీవుల ఫైల్లో పెట్టాడు."

ఆయన నవ్వి, "అరే, మరి చెప్పారా?" అన్నాడు.

"ఆఫీసువాళ్లు చెబుతారులే," అన్నాను.

నిజం చెప్పాలంటే ఇంత దూరం పోతుందని నేను అనుకోలేదు. ఆఫీసులో ఎవరో గుమాస్తా చూసి ఫైలు తిప్పి పంపుతాడు, తండ్రి పరుగెత్తుకుంటూ నా దగ్గరకొస్తాడు, అప్పుడు నేను పెద్ద మనసుతో సరిచేసి పెడతాను. ఇదీ నా లెక్క. ఆ పిల్ల సీటు పోవాలని కాదు, వాళ్లు నా దగ్గరకు రావాలని. కానీ గడువు లోపల ఆ ఫైలు ఎవరూ విప్పలేదు. గడువు దాటింది.

కాగితాల పరిశీలన రోజున ప్రతి స్కూలు నుంచి ఫారాల ఇన్‌చార్జి రికార్డులతో హాజరు కావాలి. నేను వెళ్లాను. ఆ ఏడాది పశువైద్యానికి ఉన్నది ఒకే ఒక్క సీటు. జాబితాలో మా అమ్మాయి పేరే మొదట ఉంది. ఆమె తెల్ల చుడీదార్ వేసుకుని, తలకు నూనె రాసి జడ బిగించుకుని వచ్చింది. తండ్రి చర్చికి వేసుకునే చొక్కా వేసుకొచ్చాడు. బయటివాళ్లను లోపలికి రానివ్వరు కాబట్టి సలహాదారు వరండాలోనే ఉండిపోయాడు. కిటికీలోంచి అతని గొడుగు కనిపిస్తోంది.

పరిశీలించే అధికారి మెయిన్‌లాండ్ మనిషి, వయసు పైబడినవాడు. తక్కువ మాట్లాడతాడు. పక్కన గుమాస్తా ట్యాగు విప్పి ఒక్కో కాగితం పేరు చదువుతున్నాడు. లోకల్ సర్టిఫికెట్ తర్వాత ఆగి, జిరాక్స్‌ని అధికారి ముందుకు జరిపాడు.

అధికారి దాన్ని రెండుసార్లు చదివాడు. అమ్మాయిని చూసి హిందీలో అడిగాడు. "బేటీ, నువ్వు ఎక్కడి దానివి?"

"ఇక్కడి దాన్నే సర్."

"ఈ కాగితంలో ఉన్న ఊరు ఎప్పుడు చూశావు?"

"ఎప్పుడూ చూడలేదు సర్. నేను మెయిన్‌లాండ్ వెళ్లలేదు."

తండ్రి లేచి నిలబడ్డాడు. "సాబ్, నా తమ్ముడు ఊర్ల ఉంటాడు. నానే తెప్పించినాను. అక్కడ కూడా అర్జీ పెట్టొచ్చు అన్నారని. గల్తీ అయితే తీసేస్తాం సాబ్."

అధికారి సర్క్యులర్ తీసి కొత్త షరతు చదివి వినిపించాడు. "ఇది మీకు స్కూల్లో చెప్పలేదా?"

"ఎవులూ చెప్పలేదు సాబ్."

అధికారి నా వైపు తిరిగాడు. ఆయన గొంతు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. కోపం లేదు అందులో. "మేడమ్, దీని మీద మీ సంతకం ఉంది. ఈ కాగితం మీరు చూశారా? చూసుకోకుండా ముద్ర వేశామని, పిల్లకు షరతు తెలియజేయలేదని స్కూలు రాసిస్తే, ఆ సర్టిఫికెట్ వెనక్కి తీసుకుంటున్నామన్న ఉత్తరం ఇప్పుడే తీసుకుని పేరు జాబితాలో ఉంచుతాను. స్కూలు పొరపాటుకి పిల్ల నష్టపోకూడదు. కానీ స్కూలు జవాబు చెప్పుకోవలసి వస్తుంది."

ఆయన తలుపు తెరిచి పట్టుకున్నాడు. నేను ఒక్క వాక్యం రాస్తే ఆ పిల్ల అందులోంచి వెళ్లిపోయేది.

ఆ నెలలోనే వైస్ ప్రిన్సిపాల్ పోస్టుకి జాబితా తయారవుతోంది. అందులో నా పేరుంది. మెమో ఉన్నవాళ్ల పేర్లు తీసేస్తారు. ఆ క్షణంలో నా తలలో ఇంకేమీ లేదు, ఆ జాబితా తప్ప.

"నా దగ్గరకు వచ్చినప్పుడు ఫైల్లో ఈ కాగితం లేదు సర్," అన్నాను. "తర్వాత ఎవరో చేర్చి ఉంటారు. వీళ్లు బయట ఒక కౌన్సిలర్‌ని పెట్టుకున్నారు. షరతు గురించి మేం క్లాసులో చెప్పాం, నోటీసు కూడా పెట్టాం."

నా నోటి నుంచి అంత సాఫీగా వచ్చింది. తడబడలేదు.

అధికారి అమ్మాయిని అడిగాడు. "మేడమ్ సంతకం పెట్టినప్పుడు ఈ కాగితం ఫైల్లో ఉందా?"

ఆమె నా మొహంలోకి చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. తర్వాత తల దించుకుంది.

"యాద్ నహీఁ, సర్," అంది. గుర్తులేదని.

అధికారి పెన్ను మూత తీశాడు. జాబితాలో రెండో పేరుగల పిల్లవాడిని పిలిచారు. అతని తప్పేమీ లేదు. మంచి పిల్లవాడే, ఇప్పుడు పెద్ద డాక్టరు.

ఆంధ్రాలో పెట్టిన దరఖాస్తు కూడా తిరిగి వచ్చేసింది. అక్కడ చదువుకోలేదు కాబట్టి స్థానికురాలు కాదన్నారు. ఇక్కడ అక్కడి మనిషి అన్నారు, అక్కడ ఇక్కడి మనిషి అన్నారు.

బతు బస్తీలో కోపమంతా సలహాదారు మీదికి పోయింది. ఫైల్లో దొంగతనంగా కాగితం చేర్చాడని చెప్పుకున్నారు. అతని దగ్గరకు వెళ్లేవాళ్లు మానేశారు. నెల తిరక్కుండానే బోర్డు దిగిపోయింది. ఓడ ఎక్కేముందు ఒకసారి స్కూలుకి వచ్చాడు. ఈసారి స్టాఫ్ రూములో నేను, మ్యాథ్స్ మాస్టారు తప్ప ఎవరూ లేరు.

"ఆ సర్క్యులర్ ఒకసారి చూడాలని ఉంది మేడమ్," అన్నాడు.

కాదనడానికి కారణం ఏదీ మిగల్లేదు. లేచి, అల్మారా తెరిచి, తీసి ఇచ్చాను. నిలబడే చదివాడు. తేదీ దగ్గర వేలు పెట్టి మళ్లీ చదివాడు.

"ఇది ఈ అల్మారాలోనే ఉందా? నేను మొదటిసారి వచ్చిన రోజున కూడా?"

నేను అల్మారా తలుపు మూశాను. కాగితాన్ని మడత పడకుండా టేబుల్ మీద పెట్టాడు. "ఆ అమ్మాయి చాలా తెలివైనది మేడమ్," అన్నాడు. ఆ ఒక్క మాటే. వెళ్లిపోయాడు.

మాస్టారు డబ్బా మూత పెట్టేశాడు. ఆ రోజు ఆయన హాస్యం ఏమీ ఆడలేదు. "నేనూ నవ్వాను కదా మేడమ్, అతను అడుగుతుంటే," అన్నాడు. తర్వాత చేయి చాచాడు. "అల్మారా తాళం ఇవ్వండి. ఫారాల పని ఇకనుంచి నేను చూస్తాను."

ఇచ్చాను. ఆయన నన్ను ఎక్కడా బయటపెట్టలేదు. మళ్లీ నా పక్కన కూర్చుని భోజనం కూడా చేయలేదు. రెండేళ్లకు వేరే దీవికి బదిలీ కోరుకుని వెళ్లిపోయాడు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కోసింది ఆ తర్వాతి ఆదివారం. ఆరాధన అయ్యాక ఆ తండ్రి నా దగ్గరకొచ్చాడు. అతను రెండు చేతులూ పట్టుకుని, "మీరు మా కోసం ఆఫీసు దాకా ఒచ్చినారు దీదీ. మేమే మిమ్మల్ని కాదని బయటోణ్ణి నమ్మినాం. మనసుల పెట్టుకోకండి," అన్నాడు.

"ఫర్వాలేదు భయ్యా," అన్నాను నేను. క్షమించినట్టుగా.

నేను వైస్ ప్రిన్సిపాల్‌నయ్యాను. తర్వాత ప్రిన్సిపాల్‌నయ్యాను. ఆ అమ్మాయి పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు పనికి శిక్షణ తీసుకుని చేరింది. దీవి దీవికీ తిరిగింది. తనకంటే చిన్నవాళ్లు డాక్టర్లయి వస్తే వాళ్లకు సూదులు అందించింది. ఈనలేని పశువు ఉంటే డాక్టరు కంటే ముందు ఆమెకే కబురు పంపుతారని, కాగితం మీద సంతకం మాత్రం డాక్టరు పెడతాడని అక్కడ పనిచేసే ఒకాయన నాతో అన్నాడు.

నేను రిటైరైన కొన్నాళ్లకు ఆ తండ్రి పోయాడు. సమాధి రోజున జనంలో నిలబడి వచ్చేశాను. వారం ఆగి, ఒక సాయంత్రం బతు బస్తీకి వెళ్లాను. ఈ మాట ఎవరికైనా చెప్పాలి, చెప్పవలసింది ఆమెకే అనుకున్నాను.

ఆమె ఇంటి ముందు నేల మీద కూర్చుని, ఎవరిదో మేక కాలికి కట్టు కడుతోంది. వెంట్రుకలు అక్కడక్కడా నెరిశాయి. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను. బల్ల మీద కూర్చుని, తండ్రి గురించి నాలుగు మాటలు మాట్లాడి, ఆపైన చెప్పాను. మొత్తం చెప్పాను. సర్క్యులర్, వెనక తలుపు, ఫైలు, ఆఫీసులో నేనన్న మాట.

ఆమె చేతులు ఆగలేదు. కట్టు ముడి వేస్తూ, "నాకు తెలుసు మేడమ్," అంది. "ఆ కాగితం దగ్గర మీ చేయి ఆగిపోయింది. నేను ఎదురుగానే ఉన్నాను కదా."

"మరి ఆఫీసులో గుర్తులేదన్నావు."

"ఏం చెప్పమంటారు? మీది ఝూట్ అని ఆ సాబ్ ముందు చెప్పనా? ఆయన నా మాట నమ్మకపోతే? తర్వాతి ఏడాది చెల్లి ఫారం ఉంది. ముద్ర మీ దగ్గరే ఉండేది కదా మేడమ్."

ఆమెది పెద్ద మనసని, గురువన్న గౌరవంతో నన్ను కాపాడిందని ఇన్నేళ్లూ లోలోపల ఎక్కడో అనుకుంటూ వచ్చాను. పదిహేడేళ్ల పిల్ల నన్ను చూసి భయపడింది, అంతే.

"నాతో చెప్పారు, అచ్ఛా," అంది ఆమె. "పాపాకి బతికుండగా ఒక్కసారి చెప్పి ఉంటే బాగుండేది. ఊరి నుంచి ఆ సర్టిఫికెట్ తెప్పించింది తనే కదా అని, కూతురి చదువు తన చేతులతోనే పాడు చేశానని అనుకున్నాడు. బాబాయితో మళ్లీ మాట్లాడలేదు. ఊరు వెళ్లలేదు. ఆస్పత్రిలో చివరి రోజున కూడా నన్ను మాఫీ అడిగాడు."

క్షమించమని అడగాలని వెళ్లిన మనిషిని. ఆ మాట అప్పటికే ఆ ఇంట్లో ఏ తప్పూ చేయనివాడు వాడేశాడు.

ఆమె మేకను లేపి తాడు పట్టుకుని రెండడుగులు నడిపించి చూసింది. దాన్ని గుంజకు కట్టేసి, పంపు దగ్గర మోచేతుల దాకా సబ్బు రాసి కడుక్కుంది. చీర చెంగుతో తుడుచుకుంటూ, "టీ పెడతాను, కూర్చోండి మేడమ్," అని లోపలికి వెళ్లింది.

వద్దని లేచి వచ్చేయాలనిపించింది. ఆ పని కూడా చేయలేకపోయాను. ఆమె గ్లాసు తెచ్చి ఇచ్చింది. తాగాను.